కట్టులో ఉడికితేనే హాపిన్ జాన్

అమెరికా దక్షిణాది రాష్ట్రాల్లో డిసెంబర్ నెలాఖరుకి ఏ సూపర్ మార్కెట్‌కి వెళ్ళినా ఎండు అలసందల ప్యాకెట్లు గుట్టలుగా పేర్చి ఉంటాయి. పక్కనే ఉడికించి డబ్బాలో పెట్టిన అలసందలు, కొలార్డ్ ఆకుకూర కట్టలు, పొగబెట్టిన పంది మాంసం. జనవరి 1న అలసందలు, బియ్యం కలిపి వండిన హాపిన్ జాన్ తింటే ఏడాదంతా కలిసొస్తుందని ఇక్కడివాళ్ళ నమ్మకం. అలసందలు చిల్లర నాణేలట, ఆకుకూర నోట్లట, మొక్కజొన్న రొట్టె బంగారమట. ఈ మధ్య మన తెలుగువాళ్ళు కూడా సరదాపడి వండుతున్నారు. వాట్సాప్ గ్రూపుల్లో ఫోటోలు పెడుతున్నారు. వాటిలో చాలావాటిని చూస్తే నాకు ప్రాణం ఉసూరుమంటుంది. డబ్బా తెరిచి, అలసందల్ని చిల్లుల గిన్నెలో పోసి, నీళ్ళన్నీ సింకులోకి వదిలేసి, కుక్కర్లో విడిగా వండిన అన్నంలో కలిపి, పైన ఆవాలు, జీలకర్ర, కరివేపాకుతో తాలింపు పెడుతున్నారు. అది అలసందల అన్నం. తినడానికి బాగానే ఉండొచ్చు, కానీ హాపిన్ జాన్ అనే పేరు దానికి చెల్లదు.

ఆ సింకులోకి పోయిన నీళ్ళలోనే ఈ వంట అంతా ఉంది. అలసందలు ఉడికిన కట్టులో బియ్యం ఉడకాలి. అన్నం ఆ కట్టుని పీల్చుకుని రంగు మారాలి. గింజ గింజలో ఆ రుచి దిగాలి. ఉలవచారు కాచుకునే మనకి ఈ సంగతి ఎవరో చెప్పాల్సిన పని లేదు. ఉలవలు ఉడికించి గింజలు పశువులకి పెట్టి, కట్టుని దగ్గరగా మరిగించి అన్నంలో పోసుకున్న జాతి మనది. కందిపప్పు కట్టు తేర్చి చారు పెడతాం. ఇంట్లో ఇంత తెలివి ఉంచుకుని, ఊరు మారగానే అలసందల కట్టు పారబోయడం ఏమిటి?

ఈ వంటకి అచ్చులో దొరికే పాత పద్ధతి 1847 నాటిది. దక్షిణ కరొలైనాలోని చార్లెస్టన్‌కి చెందిన సారా రట్లెడ్జ్ తన పేరు వేసుకోకుండా అచ్చువేసిన ‘ది కరొలైనా హౌస్‌వైఫ్’ అనే పుస్తకంలో ఉంది. ఒక పౌండు బేకన్ (ఉప్పు పట్టించి పొగబెట్టిన పంది మాంసం), ఒక పైంట్ ఎర్ర అలసందలు, ఒక పైంట్ బియ్యం. మన కొలతల్లో అలసందలూ బియ్యమూ రెండేసి కప్పులు, మాంసం 450 గ్రాములు. ముందు అలసందలు పొయ్యెక్కించాలి. అవి సగం ఉడికాక మాంసం వెయ్యాలి. బాగా ఉడికాక, కడిగి రాళ్ళు గాలించిన బియ్యం అందులోనే పోయాలి. అరగంట ఉడికాక కుండ మంట మీద నుంచి దించి నిప్పుల మీద పెట్టి మగ్గనివ్వాలి. ఉప్పు, మిరియాలు, కావాలంటే ఒక పుదీనా రెబ్బ. అంతే. ఉల్లిపాయ లేదు, వెల్లుల్లి లేదు. బియ్యం గాలించమని, నిప్పుల మీద మగ్గబెట్టమని చెప్పే ఆ నాలుగు మాటలూ చదువుతుంటే మన పల్లెటూరి కట్టెల పొయ్యి దగ్గర ఎవరో పెద్దావిడ చెబుతున్నట్టే ఉంటుంది. ఈ పద్ధతిలో ఎక్కడా నీళ్ళు వంచెయ్యమని లేదు. మొదట పోసిన నీళ్ళే చివరిదాకా ఉంటాయి. చాలకపోతే ఇంకాస్త వేడినీళ్ళు పొయ్యమంటుంది, అంతవరకే.

ఆ పుస్తకం రాసినావిడ అమెరికా స్వాతంత్ర్య ప్రకటన మీద సంతకం పెట్టిన ఎడ్వర్డ్ రట్లెడ్జ్ కూతురు. చార్లెస్టన్‌లో అలాంటి సంపన్నుల ఇళ్ళలో పొయ్యి దగ్గర నిలబడ్డది బానిసలుగా బతికిన ఆఫ్రికన్ స్త్రీలు. వంట వాళ్ళది. పుస్తకంలో వాళ్ళ పేర్లు లేవు. 1850ల్లో దక్షిణాదంతా తిరిగి 1856లో ఆ ప్రయాణాల గురించి పుస్తకం వేసిన ఫ్రెడరిక్ లా ఓంస్టెడ్ (తర్వాత న్యూయార్క్ సెంట్రల్ పార్కుకి రూపం ఇచ్చినవాళ్ళలో ఒకడు ఈయనే) బేకన్, అలసందలు, ఎర్ర మిరప వేసి నల్లవాళ్ళు వండుకునే హాపింగ్ జాన్ గురించి రాశాడు. వాళ్ళకి తెలిసిన గొప్ప విలాసం అదేనన్నాడు. రెండు పుస్తకాలూ పక్కపక్కన పెట్టుకుంటే ఈ కుండ ఏ ఇంటి నుంచి ఏ ఇంటికి వెళ్ళిందో తెలిసిపోతుంది.

నేను దీన్ని నేర్చుకున్నది మా పక్కింటావిడ దగ్గర. దక్షిణ కరొలైనాలోనే బ్యూఫోర్ట్ వైపు సముద్రపు దీవుల్లో పుట్టి పెరిగిన గల్లా గీచీ మనిషి, డెబ్భై దాటాయి. కరొలైనా, జార్జియా తీరాల్లోని వరి తోటల్లో పనిచేసిన ఆఫ్రికన్ల సంతతిని గల్లా గీచీలంటారు. వాళ్ళకి తమదైన భాష ఉంది, తమదైన వంట ఉంది. ఉత్తర కరొలైనా నుంచి ఫ్లోరిడా దాకా వాళ్ళు బతికిన తీరప్రాంతాన్ని 2006లో అమెరికా కాంగ్రెస్ జాతీయ వారసత్వ ప్రాంతంగా గుర్తించింది. ఆవిడ వంటలో కొలత గ్లాసు ఒక్కచోటే బయటకి వస్తుంది. అదెక్కడో చెబుతాను.

మందపాటి ఇనప కుండలో నీళ్ళు పోసి పొగబెట్టిన టర్కీ మెడ ముక్కలు, సగానికి కోసిన ఉల్లిపాయ, ఒక బిర్యానీ ఆకు, ఒక ఎండుమిరపకాయ వేసి అరగంటకి పైగా మరిగిస్తుంది. అప్పుడు ఒక కప్పు ఎండు అలసందలు పడతాయి. రాత్రి నానబెట్టడం ఉండదు. నానబెడితే తొందరగా ఉడుకుతాయి నిజమే, కానీ ఆ నానిన నీళ్ళు పారబోస్తాం కదా, రంగూ రుచీ కొంత అక్కడే పోతాయంటుంది. సన్నటి మంట మీద ముప్పావుగంట, గింజ పాతదైతే గంట. మూత ఓరగా పెట్టి ఉంచుతుంది. గలగల మరగనివ్వదు. మధ్యలో చెంచాతో రెండు గింజలు తీసి బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నొక్కుతుంది. తొక్క చిట్లకుండా నిలవాలి, లోపల పలుకు లేకుండా మెత్తగా అణగాలి. నల్లచుక్క దగ్గర తొక్క విడిపోతే ఒక నిమిషం దాటిపోయినట్టు. అది చూపించి, గరిటెలో కాసిని నీళ్ళు తీసి నా చేతికిచ్చి, "ముందు ఇది తాగు హనీ, అన్నం సంగతి తర్వాత" అంది.

ఆ కట్టు చూడటానికి ఏమంత అందంగా ఉండదు. బూడిద కలిసిన గోధుమ రంగు, పైన చిన్న చిన్న నూనె చుక్కలు. నోట్లో పోసుకుంటే ముందు పొగ తగులుతుంది, తర్వాత కమ్మటి మట్టివాసన, చివర్లో నాలుక వెనక సన్నటి తీపి. ఉప్పు కాస్త ఎక్కువైందనిపించాలి. ఎందుకంటే ఇంకా బియ్యం పడాలి, అవి ఉప్పుని లాగేసుకుంటాయి. ఇక్కడ చప్పగా ఉంటే తర్వాత పైన ఎంత చల్లినా అన్నం చప్పగానే ఉంటుంది. "మ్యామ్, ఇంకొంచెం" అని నేను గరిటె చాస్తే ఆవిడ సంతోషం చూడాలి.

కొలత గ్లాసు ఇప్పుడు వస్తుంది. అలసందల్ని వడగట్టి పక్కన పెట్టి, కట్టు కొలుస్తుంది. పొడుగు గింజ బియ్యం ఒకటిన్నర కప్పుకి కట్టు రెండుముప్పావు కప్పులు. తక్కువైతే వేడినీళ్ళు కలుపుతుంది. ఎక్కువైతే ఆ మిగిలింది పారబొయ్యదు, సీసాలో పోసి ఆకుకూర వండటానికి దాస్తుంది. తర్వాత కట్టు, అలసందలు, ఎముకల నుంచి చీల్చిన మాంసం, తెల్లటి నీళ్ళు పోయేదాకా కడిగిన బియ్యం, అన్నీ కుండలోకి. ఒక్క పొంగు రాగానే మంట పూర్తిగా తగ్గించి మూత బిగిస్తుంది. పద్దెనిమిది నిమిషాలు మూత తియ్యకూడదు. స్టవ్ కట్టేశాక ఇంకో పది నిమిషాలు. తీసి ఫోర్కుతో పైపైన లేపాలి, గరిటె పెట్టి కెలక్కూడదు. గింజకి గింజ అంటకుండా లేవాలి. చార్లెస్టన్ తీరప్రాంతంలో అన్నం బాగా వచ్చిందా లేదా అని చూసేది అదొక్కటే, అలసంద వేసినా వెయ్యకపోయినా.

ఇందుకే ప్రెషర్ కుక్కర్ వద్దంటాను. పప్పుకి అంతకన్నా మంచి సాధనం లేదు, కాదనను. కానీ విజిల్ లెక్కన ఉడికితే అలసందలు ఎక్కడ ఆగాలో మన చేతిలో ఉండదు. చితికిన గింజలు కట్టుని చిక్కగా చేస్తాయి, ఆ చిక్కదనంలో అన్నం ముద్దవుతుంది. మెత్తగా తినడం అలవాటైనవాళ్ళు అది కూడా బాగుందంటారు. అలా తినాలనిపిస్తే కట్టె పొంగలో, కిచిడీయో చేసుకోవచ్చు, అవీ గొప్ప వంటలే. బియ్యం సంగతి కూడా అంతే. సోనా మసూరి గింజ చిన్నది, ఇందులో అతుక్కుంటుంది. బాస్మతి పొడిగానే లేస్తుంది కానీ దాని వాసన కట్టు వాసన మీద కూర్చుంటుంది. మామూలు పొడుగు గింజ అమెరికన్ బియ్యం చాలు.

ఖర్చు పెట్టగలిగితే మాత్రం ఒక్కసారైనా కరొలైనా గోల్డ్ బియ్యంతో వండి చూడండి. పండినప్పుడు పొట్టు బంగారు రంగులో ఉంటుందని ఆ పేరు. చార్లెస్టన్ సంపదంతా ఈ వరి మీద లేచింది. 1865లో అంతర్యుద్ధం ముగిసి బానిసత్వం పోయాక, కొరడా కింద పనిచేసే మనుషులు లేకుండా ఆ తోటలు నిలబడలేకపోయాయి. 1893లో, 1911లో వచ్చిన తుపాన్లు మిగిలినవాటిని కూడా ముంచాయి. ఇరవయ్యో శతాబ్దం మొదట్లోనే ఆ వరి బజారు నుంచి మాయమైంది. 1980ల్లో రిచర్డ్ షుల్జ్ అనే కంటి డాక్టరు ప్రభుత్వ విత్తన భాండాగారం నుంచి కాసిని విత్తనాలు తెచ్చుకుని తన పొలంలో వేస్తే మళ్ళీ ప్రాణం పోసుకుంది. ఎర్ర అలసందలదీ ఇలాంటి కథే. జార్జియా తీరంలోని సపెలో దీవిలో కొన్ని గీచీ కుటుంబాలు తరాలుగా విత్తనం దాచుకుంటూ వచ్చాయి. ఆ దీవి చరిత్రకి గొంతుగా నిలిచిన కార్నీలియా వాకర్ బెయిలీ 2017లో చనిపోయేముందు వాటిని మళ్ళీ పంటగా వేయించడానికి పూనుకుంది. దీవిలో భూములు చేజారిపోకుండా ఉండాలంటే ఆ భూమి మీద పంట ఉండాలని ఆవిడ పట్టుదల. ఎర్ర అలసందలతో వండితే కట్టు ఇటుక రంగులో వస్తుంది. 1847 పద్ధతిలో చెప్పింది కూడా ఎర్రవే.

ఇక ఆ వరి పండించిందెవరు? సెనెగల్, గాంబియా నుంచి సియెరా లియోన్ దాకా పశ్చిమ ఆఫ్రికా తీరంలో వరి సాగు తెలిసిన మనుషులు. ఆ ప్రాంతాల మనుషులకి చార్లెస్టన్ యజమానులు గిరాకీ కట్టి కొన్నారు. తోటల్లో వడ్లు దంచింది రోలూ రోకలితో. చెరిగింది గడ్డితో అల్లిన వెడల్పాటి చేటలతో. చార్లెస్టన్ పక్కన మౌంట్ ప్లెజెంట్‌లో హైవే 17 పక్కన గల్లా స్త్రీలు ఈరోజుకీ ఆ గడ్డి బుట్టలు అల్లి అమ్ముతారు. ఒకటి చేతిలోకి తీసుకుంటే మన చాట గుర్తుకు రాకుండా ఉండదు. అంత చాకిరీ చేసి గింజ విరక్కుండా దంచిన బియ్యం ఓడలెక్కి వెళ్ళిపోయేది. ఇక్కడ మిగిలేది నూక. వరి తోటల్లో రోజుకింత అని పని అప్పగించేవాళ్ళు. అది ముగించాక మిగిలిన పొద్దులో వాళ్ళు తమ గుడిసెల పక్క చెక్కల్లో అలసందలు, బెండలు వేసుకున్నారు. అలసంద ఎండకి తట్టుకుంటుంది, సారం లేని నేలలోనైనా నాలుగు కాయలిస్తుంది, నేలకి నత్రజని తిరిగిస్తుంది. తినడానికి తమదంటూ పండించుకోగలిగింది అది. ఆ నూకా, ఆ అలసందా, యజమాని విసిరేసిన మాంసం ముక్కా కలిసిన కుండలో నీళ్ళు పారబోసే ప్రశ్న వస్తుందా?

ఇది తెలిశాక జనవరి 1న వినిపించే ఒక కథ నాకు మింగుడుపడదు. 1864లో ఉత్తరాది సేనాని షెర్మన్ సైన్యం జార్జియా మీదుగా అన్నీ దోచుకుంటూ వెళ్ళిందని, అలసందల్ని పశువుల దాణా అనుకుని వదిలేసిందని, దక్షిణాదివాళ్ళు వాటితో ఆ చలికాలం గట్టెక్కారని, అందుకే అవి అదృష్టమని చెబుతారు. వంట కార్యక్రమాల్లో, ప్యాకెట్ల వెనక, ఎక్కడ చూసినా ఇదే. అట్లాంటా నుంచి సవానాకి ఆ దండయాత్ర జరిగింది 1864 నవంబర్, డిసెంబర్లలో. అప్పటికి పదిహేడేళ్ళ ముందే ఈ వంట చార్లెస్టన్ పెద్దింటి పుస్తకంలో అచ్చయి ఉంది. దాణా అనుకున్నది మొదటిసారి నోట్లో పెట్టుకున్న ఊరు కాదది. ఆ కథలో ఆకలి పడ్డవాళ్ళు తెల్లవాళ్ళు, బతికింది తెల్లవాళ్ళు. ఈ గింజని సముద్రం దాటించుకుని తెచ్చి, నాటి, వండి చూపించిన మనుషులు అందులో ఒక్కరూ కనిపించరు.

జనవరి 1కి వాళ్ళ దగ్గర వేరే అర్థం ఉంది. బానిసత్వం రోజుల్లో కొత్త సంవత్సరం మొదటి రోజున మనుషుల్ని ఏడాది కౌలుకి ఇచ్చేవాళ్ళు, అప్పుల లెక్కలు తేల్చుకోవడానికి అమ్మేసేవాళ్ళు. తల్లి ఒక తోటకి, పిల్ల ఒక తోటకి. దాన్ని గుండె పగిలే రోజు అని చెప్పుకున్నారు. 1862 డిసెంబర్ 31 రాత్రి నల్లవాళ్ళ చర్చిల్లో జనం నిద్రపోకుండా ఎదురుచూశారు. తెల్లారితే అధ్యక్షుడు లింకన్ చేసిన బానిసల విమోచన ప్రకటన అమల్లోకి వస్తుంది. 1863 జనవరి 1న బ్యూఫోర్ట్ దగ్గర పోర్ట్ రాయల్‌లో, క్యాంప్ శాక్స్టన్ ఓక్ చెట్ల కింద వేలమంది ముందు ఆ ప్రకటన చదివారు. వాళ్ళలో యూనిఫాం వేసుకున్న నల్లసైనికులున్నారు. మా పక్కింటావిడ వాళ్ళ చర్చిలో డిసెంబర్ 31 రాత్రి ఇప్పటికీ మేలుకుని ప్రార్థన చేస్తారు, మర్నాడు హాపిన్ జాన్ వండుతారు. నాణేల సంగతి ఆవిడ నోట నేనెప్పుడూ వినలేదు.

మనవాళ్ళ దగ్గరికి వస్తే ఇంకో మాట వినిపిస్తుంది. "ఇందులో ఏముంది, మన బొబ్బర్ల పులావే కదా! మనవాళ్ళు ఎప్పుడో చేశారు." పైకి అమాయకంగా ఉంటుంది కానీ షెర్మన్ కథ చేసిన పనే ఇదీ చేస్తుంది. ఎదుటి మనిషిని చెరిపేస్తుంది. అసలు మనం మనదనుకునే అలసందే ఆఫ్రికాలో పుట్టిన గింజ. అక్కడి నుంచి మన దేశానికి వచ్చి రెండు వేల ఏళ్ళు దాటింది. ప్రకాశం జిల్లాలో మా ఇంట్లో సంక్రాంతికి అమ్మ అలసంద వడలు వేసేది. నానబెట్టి, పొట్టు కడిగి, గట్టిగా రుబ్బి, ఉల్లిపాయ, పచ్చిమిరప కలిపి నూనెలో వేసేది. నైజీరియాలో యొరుబావాళ్ళు అదే గింజ నానబెట్టి, అలాగే పొట్టు తీసి, రుబ్బి, ఉల్లీ మిరపా కలిపి వేయించి అకరా అంటారు. బానిసలుగా బ్రెజిల్ చేరినవాళ్ళు దాన్నే అకరజే అన్నారు, బహియా వీధుల్లో ఇవాళ్టికీ అమ్ముతున్నారు. ఇంత దగ్గరి చుట్టరికం ఉన్నప్పుడు గర్వంగా చుట్టాలమని చెప్పుకుందాం. ఇల్లు మాదేనని మాత్రం అనొద్దు. ఘనాలో వాచే అని అలసందలు, బియ్యం కలిపి జొన్న ఆకు తొడుగులు వేసి ఉడికిస్తారు, అన్నం ఎర్రగా వస్తుంది. సెనెగల్‌లోనూ అలసందలన్నం ఉంది. హాపిన్ జాన్‌కి తోబుట్టువులు వాళ్ళు.

తాలింపు మీద నా కోపం కూడా అందుకే. తాలింపు పెట్టుకుంటే రుచి చెడుతుందని కాదు. ఆవాలు, కరివేపాకు, ఇంగువ ఎక్కడ పడితే అక్కడ వాటి వాసనే పైన ఉంటుంది. కట్టు రుచి కిందకి పోతుంది. ముందు ఆ కుండని అది వచ్చిన పద్ధతిలో వండి తినాలి. ఆ తర్వాత మీ ఇల్లు, మీ పోపు. పరాయి దేశంలో మన పులిహోరలో ఎవరో చింతపండు బదులు కెచప్ పోస్తే మనకి ఎలా ఉంటుందో ఆలోచించండి.

మాంసం తిననివాళ్ళు అడుగుతారు, మేమేం చెయ్యాలని. న్యాయమైన ప్రశ్నే. పంది మాంసం తినని ఇళ్ళు నల్లవాళ్ళలోనూ చాలా ఉన్నాయి, పొగబెట్టిన టర్కీ అక్కడ మామూలైపోయింది. కాబట్టి పంది లేకపోతే వంట కాదనేవాళ్ళ మాట పట్టించుకోనక్కర్లేదు. మాంసం ఈ కుండకి ఇచ్చేవి మూడు: పొగ, కొవ్వు, ఉప్పు. శాకాహారంగా వండేటప్పుడు ఆ మూడింటినీ వేరే దారిలో తేవాలి. నేను ఉల్లిపాయని అడ్డంగా రెండు చెక్కలు చేసి, కోసిన వైపు ఇనప పెనం మీద నల్లబడేదాకా కాలుస్తాను. నాలుగు వెల్లుల్లి రెబ్బలు పొట్టుతోనే కాలుస్తాను. ఈ రెండూ, ఒక చెంచా పొగబెట్టిన పాప్రికా పొడి, రెండు చెంచాల వేరుశనగ నూనె అలసందలతోపాటే నీళ్ళలో పడతాయి. ఉప్పు మొదటే వెయ్యాలి. తొక్క గట్టిపడుతుందని భయపడతారు కానీ అలసందకి అలాంటిదేమీ జరగదు. ఇలా వచ్చిన కట్టు మాంసం వేసిన దానికి సరిసమానమని చెప్పను, కానీ తాగాలనిపించే కట్టే.

పక్కన ఆకుకూర ఉండి తీరాలి. కొలార్డ్ దొరక్కపోతే ఆవాకు మంచిది, కాస్త చేదు ఉన్న ఆకు ఏదైనా సరే. మిరపకాయలు ఊరిన వెనిగర్ రెండు చుక్కలు చల్లుకుంటే కమ్మదనం తెగి మళ్ళీ ముద్ద పెట్టాలనిపిస్తుంది. మిగిలితే మర్నాడు పెనం మీద కాస్త నూనెతో అడుగు మాడు పట్టేదాకా వేడిచేస్తే, చాలామందికి మొదటిరోజుకన్నా అదే ఇష్టం. రెండో రోజు కుండకి ఇక్కడ స్కిప్పిన్ జెన్నీ అని వేరే పేరు.

జనవరి దాటిపోయిందని ఆగక్కర్లేదు. మా పక్కింటావిడ దీన్ని చలికాలంకన్నా ఎండాకాలంలోనే ఎక్కువ వండుతుంది, రైతుబజారులో పచ్చి అలసంద కాయలు దిగినప్పుడు. వాటికి ఇరవై, ఇరవై అయిదు నిమిషాలు చాలు. పచ్చి గింజ తక్కువ నీళ్ళు తాగుతుంది, కట్టు పల్చగా వస్తుంది. అందుకని నీళ్ళు ముందే తగ్గించి పెట్టి, వడగట్టాక కట్టుని ఒక్కదాన్నే అయిదు నిమిషాలు మరిగించి అప్పుడు బియ్యం పోయాలి.